పోను, పోను, పోను

మైకుసెట్టు బుల్లబ్బాయి కూర్చోగా చూసినవాళ్ళు రామచంద్రపురంలో లేరు. పెళ్ళి భోజనాల్లో కూడా ఆకు చేత్తో పట్టుకుని నిలబడే తినేవాడు, బఫేలు మన ఊళ్ళకి ఇంకా రాకముందే. ఆ వృత్తే అంత. ఏ మూల మైకు కూత పెడుతుందో, ఏ వైరు ఊడుతుందో, ఏ పెళ్ళివారి బాబాయి వచ్చి పాట మార్చమంటాడో తెలీదు. నలభై ఏళ్ళు అలా నిలబడి నిలబడి, అరవై ఆరో ఏట పని మానేశాక కూడా కాళ్ళు కూర్చోమంటే మాట వినేవి కావు.

ఇలాంటి మనిషితో ఒకనాడు పొద్దున్నే భార్య తాయారు, "ఏవండీ, కాస్త కూర్చోండి. మీకో మాట చెప్పాలి" అంది.

వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది. బుల్లబ్బాయి చేతిలో పాత యాంప్లిఫయరు ఉంది. టంకం పుల్ల వేడెక్కి ఉంది. "ఒక్క నిమిషం తాయారూ, ఈ ముక్క అతికించి వచ్చేత్తాను" అని పెరట్లోకి వెళ్ళాడు. ఒక్క నిమిషం కాస్తా పావుగంటయింది. తిరిగొచ్చేసరికి తాయారు గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, నోట మాట పోయింది. ఆ చెప్పాలనుకున్న మాట కూడా దాంతోపాటే పోయింది.

ఏం చెప్పబోయింది? ఆ ప్రశ్న బుల్లబ్బాయిని చెప్పులో రాయిలా పట్టుకుంది. తల తిరుగుతోందని చెప్పబోయిందా? చెప్పుంటే ఆ క్షణమే ఆటో ఎక్కించేవాడు కదా. లేకపోతే నలభై ఏళ్ళుగా మనసులో దాచుకున్నదేదైనా ఉందా? పిల్ల శేషు గురించా? కూర్చోండి అని మరీ చెప్పిందంటే చిన్న మాటై ఉండదు. పళ్ళు తోముకుంటున్నా అదే, బస్సులో కడ్డీ పట్టుకున్నా అదే. ఒక్క నిమిషం కూర్చుని ఉంటే ఏం పోయేదిరా నీది, అని తనని తనే తిట్టుకునేవాడు.

ఆసుపత్రిలో తొమ్మిదో రోజున తాయారు నోరు తెరిచింది. డ్యూటీ డాక్టరు కాగితం పట్టుకుని, "మీ పేరేంటమ్మా?" అని అడిగాడు. తాయారు అతని కళ్ళలోకి చూసి, గొంతు ఒక్కచోట కూడా తడబడకుండా అంది:

"నా పేరు విని పారిపోయినోడున్నాడు గానీ, పేరడిగి బతికినోడు లేడు."

వార్డు వార్డంతా ఘొల్లున నవ్వింది. బుల్లబ్బాయి కూడా నవ్వాడు, నవ్వుతూనే గోడకి ఆనుకుని ఏడ్చాడు. అది ఏదో పాత సినిమాలో బందిపోటు డైలాగు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో పాటల రికార్డులతో పాటు మాటల రికార్డులు కూడా వేసేవారు, సినిమాలో డైలాగులన్నీ మొదటినుంచి చివరిదాకా. ఊరు ఊరంతా వాటిని కంఠతా పట్టేసేది. బుల్లబ్బాయి ఇంట్లో స్తోత్రాల కంటే అవే ఎక్కువ నడిచాయి. అతను సగం అంటే ఆవిడ మిగతా సగం అనేది. కూర మాడినా, కరెంటు పోయినా, చుట్టాలొచ్చినా, దేనికి తగిన డైలాగు దానికి సిద్ధంగా ఉండేది.

తాయారుకి ఇప్పుడు అవే మిగిలాయి. మంచినీళ్ళు అడగడానికి మాట రాదు గానీ, "ఈ కోర్టులో సాక్ష్యాలు మాట్లాడతాయి యువరానర్, మా వీధిలో ఆకలి మాట్లాడుతుంది" అని గడగడా వచ్చేస్తుంది. అది విని బుల్లబ్బాయి ఇడ్లీ తెచ్చేవాడు.

*

ఎనిమిదో నెలలో ఆ డ్యూటీ డాక్టరే కాకినాడలో డాక్టర్ మృణాళిని దగ్గరికి పంపించాడు. బీచి రోడ్డులో పరిశోధనాలయం. నలభై ఏళ్ళ మనిషి, చేతులకి గాజుల్లేవు, మాట నెమ్మది. ఆవిడ గదిలో బల్ల మీద ఓ పెట్టె ఉంది. బుల్లబ్బాయి దాన్ని చూడగానే దగ్గరికెళ్ళి వెనకాల వైర్లు వంగి చూశాడు.

"మన యాంప్లిఫయరు లాగే ఉందండి ఇది."

"పని కూడా కొంచెం అలాంటిదే. దీన్ని మేం వారధి అంటాం" అంది మృణాళిని, తాయారు తలకి పదహారు బొత్తాలున్న పట్టీ కడుతూ. "మాటలు తయారయ్యే చోటు ఈవిడకి దెబ్బతింది. కంఠతా వచ్చినవి ఇంకో చోట ఉంటాయి. ఎక్కాలు, తిట్లు, దేవుడి పాటలు. ఈవిడకి డైలాగులు. డైలాగు నడుస్తున్నప్పుడు దాని దారి పట్టుకుని, ఆ దారిలోకి ఈవిడ సొంత మాట ఎక్కిస్తాం."

"కదిలే బస్సు ఎక్కించినట్టా అండి?"

"అలాగే అనుకోండి. ఒక్క ఊపిరికి సరిపడా ఎక్కించగలం. పది, పన్నెండు మాటలు."

తాయారుకి తప్పుల్లేకుండా వచ్చే డైలాగులు పదకొండని తేలింది. వాటిని తెల్లబోర్డు మీద వరసగా రాశారు. ఒక్కోదానికి సినిమాలోని అసలు శబ్దం తెప్పించి పెట్టెలోకి ఎక్కించారు, దారి గుర్తుపట్టడానికి.

మొదటిది బందిపోటుదే. "నా పేరు విని పారిపోయినోడున్నాడు గానీ..." అని తాయారు మొదలుపెట్టింది. పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. తాయారు గొంతులోంచి బందిపోటు దిగిపోయి, మనిషి మాట వచ్చింది. కాస్త బొంగురుగా, తన మాటే తనకి కొత్తయినట్టు వచ్చింది.

"ఏవండీ, గడ్డం గీసుకోండి. మనిషిలా లేరు."

ఎనిమిది నెలల తర్వాత. బుల్లబ్బాయి రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు. అడగాలనుకున్నది అడగడం కూడా మర్చిపోయాడు. ఆ రోజు బస్సులో పక్కవాళ్ళకీ ఎదురువాళ్ళకీ, ఆఖరికి కండక్టరుకి కూడా చెప్పాడు, మా ఆవిడ నన్ను గడ్డం గీసుకోమందండి అని.

సాయంత్రం నున్నగా గీసుకుని వచ్చి, తాయారు మంచం పక్కన నిలబడి, మీసం మెలేసి, "నా పేరు విని పారిపోయినోడున్నాడు గానీ" అన్నాడు.

తాయారు అతన్ని మర్యాదగా చూసింది. ముఖం తెలియని చుట్టం ఏదో చెబితే విన్నట్టు చూసింది.

"గానీ...?" అన్నాడు బుల్లబ్బాయి మళ్ళీ.

ఆవిడ పెదవులు కదిలాయి గానీ ఏం రాలేదు.

*

మృణాళిని మూడు రకాలుగా పరీక్షించింది. బందిపోటు లేడు. డైలాగు వినిపిస్తే కొత్తగా విన్నట్టు కనుబొమలెత్తింది తాయారు.

"బస్సు దిగాక ఆ రోడ్డే ఉండటం లేదండీ" అంది మృణాళిని. దాచకుండా చెప్పింది, అది ఆవిడ మంచితనం. "ఇంతకు ముందు ముగ్గురికి అంకెలతో చేశాం. తర్వాత వాళ్ళకి వరస చెప్పడం రాలేదు. జబ్బు ముదిరిందనుకున్నాం. తప్పు మాది. ఇక్కడితో ఆపేద్దాం."

బుల్లబ్బాయి గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. ఆపేద్దామంటే ఆ మాట ఎప్పటికీ తెలియదు. ఆపొద్దంటే ఇంట్లో ఉన్న ఆ నవ్వు కాస్తా పోతుంది. ఇలాంటప్పుడు మనిషి పక్కవాళ్ళ నెత్తిన పెడతాడు. అతనూ అదే చేశాడు. "తాయార్నే అడగండి" అన్నాడు.

రెండు అట్టముక్కలు ముందు పెట్టారు. ఒకదాని మీద ఆపమనడానికి మూసిన నోరు, ఇంకోదాని మీద కానివ్వమనడానికి తెరిచిన నోరు. విషయం నిదానంగా రెండుసార్లు చెప్పారు. తాయారు ఎడమచేత్తో తెరిచిన నోరు తీసుకుంది. అట్టలు అటూ ఇటూ మార్చి పెట్టినా అదే తీసుకుంది. ఎనిమిది నెలలు ఎవరివో మాటలతో బతికిన మనిషికి సొంత మాట రుచి తగిలింది మరి.

అక్కణ్ణించి వారానికో డైలాగు.

బుల్లబ్బాయి ప్రతిసారీ మంచం పక్కన వంగి ఒకటే అడిగేవాడు. "తాయారూ, ఆ రోజు కూర్చోండి, ఓ మాట చెప్పాలన్నావు. ఏంటది?"

హాస్యగాడి డైలాగు ఒకటుంది, "మా మావగారు మనిషి మంచోడే, కాకపోతే మాట కంటే ముందు కర్ర వస్తుంది" అని. దాని మీద ఎక్కి తాయారు అన్నది ఇది: "నీళ్ళ మోటారు ఆపి వచ్చారా? ట్యాంకు పొంగిపోతంది."

అమ్మ పాత్ర డైలాగు మీద, "శేషు చిక్కిపోయింది. రాత్రిళ్ళు అన్నం మానేసిందేమో, అడగండి."

కోర్టు డైలాగు మీద, "ఈ డాక్టరమ్మకి మన ఆవకాయ ఓ సీసా తెచ్చి పెట్టండి."

పౌరాణికం ఉంది, రాజుగారి కిరీటం నేల రాలితే నేల నవ్వినదని గంభీరంగా సాగే వాక్యం. తాయారు దాన్ని ఎలుగెత్తి మొదలుపెడితే గదిలో నర్సులు కూడా ఆగి విన్నారు. ఆ తర్వాత వచ్చింది: "ఈ పట్టీ కింద దురదగా ఉందండి."

"ఏం మాటలే ఇవి తాయారూ" అని విసుక్కున్నాడు బుల్లబ్బాయి ఆ రోజు. "నేనేం అడుగుతన్నాను, నువ్వేం చెప్తన్నావు. మోటారు సంగతి నేను చూసుకోలేనా?"

తాయారు మొహం చిన్నబోయింది. జవాబివ్వడానికి ఆ వారానికి బస్సు అయిపోయింది. బుల్లబ్బాయి వరండాలోకి వచ్చి, ఐదు కుర్చీలుంటే ఒక్కదాని మీదా కూర్చోకుండా, గంటసేపు తిరిగి తనని తను తిట్టుకున్నాడు.

ఇంట్లో ఒక్కొక్క గొంతూ తగ్గుతూ వచ్చింది. ఇదివరకు పక్కింటివాళ్ళు పలకరించడానికొస్తే తాయారు బందిపోటులాగో, జడ్జిగారి ముందు వకీలులాగో ఏదో ఒకటి అనేది, అందరూ నవ్వేవారు, ఆవిడా నవ్వేది. ఇప్పుడు వాళ్ళొచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, టీ తాగి వెళ్ళిపోతున్నారు. టీవీలో పాత సినిమా వస్తే తాయారు కొత్త సినిమా చూసినట్టు చూస్తోంది. బుల్లబ్బాయి అది చూడలేక పెరట్లోకి, పెరట్లో ఉండలేక వీధిలోకి.

ఆదివారాలు సామర్లకోట నుంచి కూతురు శేషు వచ్చేది. బడి పంతులమ్మ. తండ్రిని నిలబెట్టి అడిగింది, అతను ఎలాగూ నిలబడే ఉంటాడు కాబట్టి.

"ఇంకా ఎన్ని ఉన్నాయి నాన్నా?"

"మూడు."

"అమ్మ తనకి కావాల్సింది చెప్తోంది. నువ్వు నీకు కావాల్సింది వెతుక్కుంటున్నావు. ఆ రోజు మాట తెలిస్తే నువ్వు ఆ పావుగంట వెనక్కి తెస్తావా?"

"తేలేనమ్మా. కానీ దాన్ని వింటాను కదా. ఆ రోజు వినలేదు."

శేషు తల్లి దగ్గరికెళ్ళి జడ వేసింది.

*

మూడూ అయిపోయాయి. ఒకటి కుక్కర్ గాస్కెట్ మార్చమనడానికి, ఒకటి శేషుని బంగారు తల్లీ అని పిలవడానికి, ఒకటి ఏమిటో అర్థంకాని నాలుగు మాటలకి. మృణాళిని బోర్డు తుడిచేసింది. "ఇంతటితో సరి, తాయారమ్మగారూ" అని పట్టీ బొత్తాలు విప్పబోయింది.

బుల్లబ్బాయికి ఆ క్షణంలో బరువు దిగినట్టే అనిపించింది, అబద్ధమెందుకు. ఎందుకంటే బోర్డు మీద లేనిది ఒకటుంది. అతను దాచాడు. పన్నెండోది.

అది వాళ్ళ పెళ్ళికి ముందుది. ద్రాక్షారామం దగ్గర ఓ పల్లెలో తాయారు పిన్ని కూతురి పెళ్ళికి బుల్లబ్బాయి మైకు పెట్టాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళయినా లేవు. కొబ్బరిచెట్టుకి కట్టిన మైకు గొట్టం జారుతోందని ఎక్కి సరిచేస్తున్నాడు. కింద అప్పగింతలు జరుగుతున్నాయి. గ్రామఫోను పెట్టె మీద మాటల రికార్డు తిరుగుతోంది. ఆ సినిమాలో అత్తారింటి నుంచి గెంటేస్తుంటే కథానాయిక అంటుంది, "రమ్మంటే వచ్చాను. పొమ్మంటే పోను. నేనీ గోడకి దిగిన మేకుని. పీకితే గోడే వస్తుంది." రికార్డు మీద సరిగ్గా అక్కడ గీత పడింది. ముల్లు ఆ గీతలో ఇరుక్కుంది. పెళ్ళికూతురు తల్లిని కావిలించుకుని ఏడుస్తుంటే, నాలుగు ఊళ్ళకి వినపడేలా కొబ్బరిచెట్టు మీంచి గొట్టం, "పోను, పోను, పోను, పోను" అంటోంది. మగపెళ్ళివారి మొహాలు మాడిపోయాయి. బుల్లబ్బాయి చెట్టు మీద నుంచి దిగేలోపు, పందొమ్మిదేళ్ళ పిల్లొకతి చరచరా వచ్చి, పెట్టె పక్కన వేలి కణుపుతో టక్కున ఒక్కటి కొట్టింది. ముల్లు గీత దాటింది. "నేనీ గోడకి దిగిన మేకుని" అని గొట్టం గర్జించింది. అప్పుడు పెళ్ళికొడుకే మొదట నవ్వాడు. బుల్లబ్బాయి చెట్టు మీదే ఉండి ఆ పిల్ల ఎవరని అడిగాడు.

పెళ్ళయినప్పణ్ణించీ ప్రతి ఉదయం అరుగు మీద కూర్చున్న తాయారుతో, "మంచు పడతంది, లోపలికి పో" అంటాడు. ఆవిడ, "రమ్మంటే వచ్చాను. పొమ్మంటే పోను, పోను, పోను" అంటుంది. అతను గుమ్మం మీద టక్కున కొడతాడు. అప్పుడు మేకు వస్తుంది. పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కూడా ఒక్క ఉదయం తప్పలేదు.

దాన్ని ఇక ఎవరికీ ఇవ్వక్కర్లేదు. బుల్లబ్బాయి సంచి భుజానికి తగిలించుకున్నాడు. "పద తాయారూ, ఇంక ఇంటికి పోదాం."

తాయారు లేవలేదు. తలకున్న పట్టీని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

"రమ్మంటే వచ్చాను. పొమ్మంటే పోను, పోను, పోను" అంది, అతని వైపే చూస్తూ.

బుల్లబ్బాయి చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

మృణాళిని ఇద్దర్నీ చూసింది. "ఇది బోర్డు మీద లేదే" అంది.

"లేదండి" అన్నాడు.

"ఏ సినిమాలోది?"

చెప్పాడు. అట్టముక్కలు మళ్ళీ తెచ్చారు. తాయారు తెరిచిన నోరు తీసుకుని, దాన్ని బల్ల మీద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుంది. వచ్చేవారానికి సినిమావాళ్ళ దగ్గర్నుంచి శుభ్రం చేసిన శబ్దం తెప్పిస్తానంది మృణాళిని. బుల్లబ్బాయి వద్దని గట్టిగా అనలేదు. అనుంటే ఆగేది. ఇది ఆవిడ కోరికే, కానీ అతనికీ ఆ రాయి ఇంకా చెప్పులోనే ఉంది.

ఆ వారం అతను పాత సామాను గదిలో నాలుగుసార్లు దుమ్ము దులిపాడు. రికార్డు పెట్టె, ఆ గీతపడ్డ రికార్డు బయటికి తీశాడు, గుడ్డతో తుడిచాడు, వెయ్యకుండా మళ్ళీ పెట్టేశాడు. ప్రతి ఉదయం గుమ్మం మీద మామూలు కంటే కాస్త గట్టిగా కొట్టాడు. శేషు ఫోన్‌లో, "అదొక్కటీ ఉంచుకోండి నాన్నా" అంది. తాయారుకి ఫోన్ ఇస్తే, ఆవిడ విని, ఫోన్ని ముద్దుపెట్టుకుని తిరిగిచ్చేసి, కాకినాడ తీసుకెళ్ళే సంచి వైపు వేలు చూపించింది.

*

ఆ రోజు గదిలో నలుగురే ఉన్నారు. తాయారు, బుల్లబ్బాయి, మృణాళిని, పెట్టె చూసే నర్సు. ఎండ కిటికీలోంచి తిన్నగా బల్ల మీద పడుతోంది. మృణాళిని శుభ్రం చేసిన శబ్దం ఎక్కించింది. గీతలు, గరగరలు ఏమీ లేవు. నిన్న తీసిన సినిమాలా ఉంది.

బుల్లబ్బాయి వంగాడు. "తాయారూ, ఇదే ఆఖరు. ఆ రోజు ఏం చెప్పబోయావో అది చెప్పు."

తాయారు తలూపి మొదలుపెట్టింది.

"రమ్మంటే వచ్చాను. పొమ్మంటే పోను, పోను, పోను..."

పచ్చ దీపం వెలగలేదు. ఎర్రది వెలిగింది.

"పోను, పోను, పోను, పోను..."

"ఏమైంది?" అంది నర్సు.

"దారి కలవడం లేదు" అంది మృణాళిని, తెర మీద గీతలు చూస్తూ. "ఇక్కడ మేకు రావాలి. ఈవిడ వెనక్కి తిరుగుతోంది. పెట్టె ముందుకి తోస్తోంది, ఈవిడ మళ్ళీ వెనక్కి..."

తాయారు మొహం ఎర్రబడింది. ఊపిరి అందడం లేదు. కళ్ళు బుల్లబ్బాయి మీదే ఉన్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు. "పోను, పోను, పోను." ఎడమచెయ్యి గాల్లో ఏదో వెతుకుతోంది. నర్సు ఆవిడ భుజాలు పట్టుకుంది.

"ఆపేస్తాను" అంది మృణాళిని, మీట మీద చెయ్యి వేసి. "ఆపితే ఈ దారి మొత్తం తెగిపోవచ్చు. ఆపకపోతే ఫిట్స్ వస్తాయి. బుల్లబ్బాయిగారూ, పక్కకి జరగండి."

బుల్లబ్బాయి జరగలేదు. అతనికి అప్పుడు తట్టింది. తాయారు బుర్రలో ఉన్నది సినిమా కాదు, ఆ రికార్డు. ఆవిడకి ఆ డైలాగు గీతతో సహా వచ్చు, దాని తర్వాత టక్కుతో సహా వచ్చు. శుభ్రం చేసిన శబ్దంలో ఆ టక్కు లేదు. నలభై ఏళ్ళుగా రోజూ కొడుతూ, అది కూడా చెప్పాల్సిన సంగతేనని అతనికి తోచనే లేదు.

"ఆగండమ్మా, ముల్లు ఇరుక్కుంది" అన్నాడు.

వేలి కణుపుతో బల్ల మీద టక్కున ఒక్కటి కొట్టాడు.

"నేనీ గోడకి దిగిన మేకుని" అంది తాయారు, ఒక్కసారిగా ఊపిరి తీసుకుని. పచ్చ దీపం వెలిగింది. మృణాళిని మీట మీంచి చెయ్యి తీసేసింది. కథానాయిక గొంతు పల్చబడి, దాని వెనక నుంచి అలసిపోయిన మామూలు గొంతు వచ్చింది.

"ఆ రోజు ఏం చెప్పబోయానో నాకూ గుర్తులేదండి. పెద్ద మాటేం కాదు. ఇంక మీరు కూర్చోండి."

దీపం ఆరిపోయింది.

మృణాళిని లేచి తన కుర్చీ అతని వైపు తోసింది. బుల్లబ్బాయి కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. కూర్చుంటే అక్కడే ఏడ్చేస్తానని భయం వేసింది. "ఆయ్, అలాగే తాయారూ, ఇంటికెళ్ళి కూర్చుంటాను" అన్నాడు. తాయారు నవ్వింది, ఆవిడకి అర్థమైందో, అతని మొహం చూసి నవ్విందో తెలీదు. ఆవకాయ సీసా బల్ల మీద పెట్టి, ఇద్దరూ పన్నెండున్నర బస్సు పట్టుకున్నారు.

*

మర్నాడు ఉదయం మంచు పడుతోంది. తాయారు అరుగు మీద ఉంది. బుల్లబ్బాయి గుమ్మంలోకొచ్చి, "లోపలికి పో" అన్నాడు, అలవాటు కొద్దీ.

తాయారు గోడ పట్టుకుని, లేచి, బుద్ధిగా లోపలికి వచ్చేసింది.

బుల్లబ్బాయి చెయ్యి గుమ్మం మీద వేసి కాసేపు అలాగే ఉన్నాడు. కొట్టడానికి ఇంకేం లేదు. వీధిలోకి పోదామా అనుకున్నాడు, పెరట్లోకి పోదామా అనుకున్నాడు. రెండిటికీ పోలేదు. సామాను గదిలోకి వెళ్ళి రికార్డు పెట్టె తెచ్చి అరుగు గదిలో బల్ల మీద పెట్టాడు. తాయారుని మంచం మీద కూర్చోబెట్టి, ముల్లు దించాడు.

గరగర మొదలైంది. గుర్రబ్బండి చప్పుడు, అత్తగారి అరుపు. తాయారు తల వాల్చి విన్నది. కొత్త కథ వింటున్న మొహం. కథానాయిక ఏడవకుండా నిలబడి, "రమ్మంటే వచ్చాను" అన్నప్పుడు తాయారు కళ్ళు పెద్దవయ్యాయి, ఇప్పుడేమవుతుందోనన్నట్టు.

"పొమ్మంటే పోను, పోను, పోను, పోను..."

ముల్లు ఇరుక్కుంది. బుల్లబ్బాయి కాళ్ళు అవే కదిలాయి, వేలు అదే మడతపడింది. రెండడుగులు వేశాడో లేదో వెనక నుంచి చొక్కా లాగినట్టయింది. తాయారు ఎడమచేత్తో అతని చొక్కా అంచు పట్టుకుంది. వదల్లేదు. కిందికి లాగింది.

బుల్లబ్బాయి పెట్టె వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. తర్వాత ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ పట్టేసినట్టు నొప్పి పెట్టాయి. తాయారు చొక్కా వదిలి, అతని మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

పెట్టె "పోను, పోను, పోను" అంటూనే ఉంది. ఎవరూ లేచి కొట్టలేదు.